తాళమా, ఓటా, ఆధారమా: గ్రూపుకి ఏది మేలు?

మా పదో తరగతి బ్యాచ్ వాట్సాప్ గ్రూపులో 140 మందిమి. ముగ్గురు అడ్మిన్లలో నేనొకడిని. పోయిన వేసవిలో ఒక రాత్రి మావాడొకడు ఒక ఫార్వర్డ్ పెట్టాడు. ఏదో ఆకు రసం 21 రోజులు తాగితే షుగర్ మాత్రలు మానేయొచ్చట. మా బ్యాచ్‌లో ఒక డాక్టరమ్మ ఉంది. "ఎవరూ మాత్రలు ఆపకండి, ప్రమాదం" అని రాసింది. "మా మావయ్యకి తగ్గింది. మీ డాక్టర్లంతా మందుల కంపెనీల మనుషులే" అన్నాడు వాడు. పదకొండయ్యేసరికి ఇద్దరు వాడి పక్కన, ముగ్గురు ఆమె పక్కన చేరారు. మాట మాటా పెరిగి చివరికి ఎవరి కులం ఏమిటన్న దాకా వెళ్ళింది. తెల్లారేసరికి డాక్టరమ్మ గ్రూపులోంచి వెళ్ళిపోయింది. అడ్మిన్‌గా నేను చేసిందల్లా "ఫ్రెండ్స్, ప్లీజ్" అని ఒక దండం బొమ్మ పెట్టడమే.

ఆ ఒక్క రాత్రిలోనే పుకారు, అన్నీ తెలుసన్న ధీమా, తిట్లు మూడూ కనిపించాయి. ఎక్కువ నష్టం చేసింది ఆకు రసం కాదనిపిస్తుంది నాకు. తెలిసినమనిషి లేచి వెళ్ళిపోయింది, తెలియనివాడు మిగిలాడు. అప్పటినుంచి పెద్ద పెద్ద ఆన్‌లైన్ గుంపులు ఈ గొడవల్ని ఎలా నెట్టుకొస్తున్నాయా అని గమనిస్తున్నాను.

అందరికీ ముందు తట్టేది తాళం వేయడమే. అడ్మిన్లు మాత్రమే మెసేజ్ పెట్టే వీలును వాట్సాప్ 2018లోనే తెచ్చింది. నీళ్ళ ట్యాంకర్ ఎప్పుడొస్తుంది, లిఫ్ట్ ఎప్పుడు బాగవుతుంది అని చెప్పుకునే అపార్ట్‌మెంట్ గ్రూపులకి అది చక్కగా సరిపోతుంది. స్నేహితుల గ్రూపుకి పెడితే నోటీసు బోర్డే మిగులుతుంది. 2022 నుంచి ఎవరి మెసేజ్‌నైనా అందరికీ కనబడకుండా తీసేసే అధికారం కూడా అడ్మిన్‌కి వచ్చింది. తిట్లకి ఇంతకన్నా మంచి మందు నాకు కనపడలేదు. బూతు వచ్చిన రెండు నిమిషాల్లో పోతే, దానికి జవాబుగా రావాల్సిన నాలుగు బూతులు రావు. "గ్రూపులో ఎవడో ఏదో పెడితే నామీద కేసు" అని భయపడే అడ్మిన్లకి ఒక మాట: సభ్యుడు పెట్టినదానికి, అడ్మిన్ అయినంత మాత్రాన బాధ్యుడు కాడని కేరళ హైకోర్టు 2022 ఫిబ్రవరిలో చెప్పింది.

అయితే తాళంచెవి ఎవరి చేతిలో ఉందన్నదే అసలు చిక్కు. రెడిట్ అనే చర్చల సైట్‌లో చరిత్ర ప్రశ్నలకి జవాబులిచ్చే ఆస్క్‌హిస్టోరియన్స్ అనే చోటుంది. కాపలా చాలా గట్టిది. లోతులేని జవాబును, "మా తాత చెప్పాడు" రకం జవాబును నిర్దాక్షిణ్యంగా తీసేస్తారు. గడిచిన 20 ఏళ్ళ సంగతులు ఎత్తనివ్వరు, వర్తమాన రాజకీయం దూరకూడదని. అక్కడ ఆ కరుకుదనం చెల్లుతుంది, ఎందుకంటే నియమాలు ముందే రాసి ఉన్నాయి, తీసేసేవాళ్ళకి చరిత్ర తెలుసు. మా గ్రూపులో ముందే రాసిన నియమం ఒక్కటీ లేదు. ముగ్గురు అడ్మిన్లలో ఒకాయన ఆ ఆకు రసం తాగుతున్నాడు కూడా.

అడ్మిన్లే దారి తప్పితే ఎంతదాకా పోతుందో క్రొయేషియన్ వికీపీడియా చూపించింది. అక్కడ కొద్దిమంది అతివాద జాతీయవాదులు నిర్వాహకులై కూర్చుని, ప్రశ్నించినవాళ్ళని వెళ్ళగొడుతూ, దాదాపు పదేళ్ళు చరిత్రను తమకి నచ్చినట్టు రాసుకున్నారు. వికీపీడియాని నడిపే వికీమీడియా ఫౌండేషన్ 2021లో దానిమీద నివేదికే వేయాల్సి వచ్చింది.

సరే, అధికారం కొందరి చేతిలో వద్దు, అందరూ ఓటేద్దాం అంటారా? ప్రోగ్రామర్లు ఒకరి ప్రశ్నలకి ఒకరు జవాబులిచ్చుకునే సైట్ స్టాక్ ఓవర్‌ఫ్లో 2008 నుంచి నడుస్తున్నది అలాగే. జవాబు నచ్చితే పైకి ఓటు, రాసినవాడికి 10 పాయింట్లు. నచ్చకపోతే కిందికి ఓటు, వాడికి 2 పాయింట్లు పోతాయి. అలా కిందికి లాగినవాడికి కూడా ఒక పాయింటు పోతుంది. నాకు భలే నచ్చిన ఏర్పాటు ఇది. రాయి విసిరేవాడి చేతికీ కాస్త నొప్పి తెలియాలి.

కానీ అక్కడ ఓటు పనిచేయడానికి కారణం వేరే ఉంది. కోడ్‌ని నడిపి చూడొచ్చు. తప్పైతే స్క్రీన్ మీదే తెలిసిపోతుంది. ఆకు రసాన్ని ఎవరు నడిపి చూస్తారు? పరీక్షించే వీల్లేనిచోట ఓట్లన్నీ గట్టిగా మాట్లాడినవాడికే పడతాయి. కోడ్ దగ్గరే అది తలనొప్పి అయింది. చాట్‌జీపీటీ వచ్చిన కొద్ది రోజులకే, 2022 డిసెంబరులో, దానితో రాయించిన జవాబుల్ని స్టాక్ ఓవర్‌ఫ్లో నిషేధించింది. చూడటానికి అవి నీటుగా, ధీమాగా ఉంటున్నాయి, తప్పులేమో ఎక్కువ, ఒక్కొక్కటీ సరిచూసే ఓపిక ఎవరికుంది? పైగా ఓటు మర్యాద నేర్పదు. కొత్తవాళ్ళకి తమ దగ్గర సరైన ఆదరణ లేదని 2018లో ఆ సంస్థే ఒప్పుకుంది. హైదరాబాద్ ఐటీలో ఎవరినైనా కదిలించండి, తన మొదటి ప్రశ్నని "డూప్లికేట్" అని మూసేసిన కథ చెబుతారు.

ఇక వికీపీడియా. నా మొగ్గు ఇటే, ముందే చెప్పేస్తున్నాను. తెలుగు వికీపీడియా 2003 డిసెంబరులో మొదలైంది. అందరూ కూడి మాట్లాడుకునే చోటుకి అక్కడ రచ్చబండ అని పేరు. ప్రతి వ్యాసం వెనక ఒక చర్చ పేజీ ఉంటుంది. వాక్యానికి ఆధారం లేకపోతే పక్కన బ్రాకెట్లలో "ఆధారం చూపాలి" అని చిన్న అక్షరాల్లో పడుతుంది. ఆ రెండు మాటల్లో ఎంత తెలివుందో నాకు మా గ్రూపు గొడవ తర్వాతే అర్థమైంది. "నీకేం తెలుసు" అన్నది మనిషిని కొడుతుంది. "ఆధారం చూపాలి" అన్నది వాక్యాన్ని అడుగుతుంది. రాసింది ప్రొఫెసరైనా, ఇంటర్ కుర్రాడైనా ప్రశ్న అదే.

నిజానికి ప్రొఫెసర్ల సంగతిలోనే వికీపీడియాకి ఒకసారి గట్టి దెబ్బ తగిలింది. ఇంగ్లిష్ వికీపీడియాలో మంచి పలుకుబడి ఉన్న ఒకాయన తాను మతశాస్త్రంలో డాక్టరేట్లున్న ప్రొఫెసర్‌నని చెప్పుకునేవాడు. వాదాల్లో ఆ డిగ్రీల్ని అడ్డం వేసేవాడు. 2007లో తేలిందేమిటంటే ఆయనకి 24 ఏళ్ళు, ఆ డిగ్రీలు లేవు. డిగ్రీలు సరిచూద్దామన్న ఆలోచన అప్పుడు వచ్చింది, నిలబడలేదు. డిగ్రీ చూసి నమ్మడం ఎందుకు, వాక్యానికి ఆధారం చూస్తే చాలదా అన్న పాత పద్ధతే నిలిచింది. ఇంగ్లిష్ వికీపీడియాలో ఇంకో నియమం కూడా ఉంది: ఒకే పేజీలో 24 గంటల్లో మూడుసార్లకి మించి ఎదుటివాళ్ళ మార్పుల్ని తిరగ్గొట్టకూడదు. నువ్వు రైటా తప్పా అన్నది తర్వాత, ముందు చేతులు కట్టుకుని చర్చ పేజీకి రా.

దీనికీ లోపాలున్నాయి. ఎవరో ఒకరు చూసి అడగాలి. అడిగేవాళ్ళు లేకపోతే అబద్ధం హాయిగా కూర్చుంటుంది. జాన్ సీగెన్‌థాలర్ అనే అమెరికన్ పాత్రికేయుడికి కెనడీల హత్యలతో ముడిపెట్టిన అబద్ధం 2005లో నాలుగు నెలలపాటు ఇంగ్లిష్ వికీపీడియాలోనే ఉండిపోయింది. నిజం నిలకడ మీద తెలుస్తుందంటారు. వికీ పేజీ నిలిచి ఉంటుంది కాబట్టి ఏదో ఒకనాటికి తెలుస్తుంది. వాట్సాప్‌లో ఏదీ నిలవదు. నువ్వు ఆధారం వెతికి తెచ్చేలోపు దానిమీద 60 పుట్టినరోజు శుభాకాంక్షలు పడి ఉంటాయి.

ఎక్స్ (పాత ట్విట్టర్)లో తప్పుదోవ పట్టించే పోస్టు కింద వాడేవాళ్ళే వివరణ రాసే కమ్యూనిటీ నోట్స్ గురించి కూడా చెప్పాలి. 2021లో బర్డ్‌వాచ్ పేరుతో మొదలైంది. మామూలుగా ఒకరితో ఒకరు విభేదించేవాళ్ళు కూడా "ఈ వివరణ పనికొస్తుంది" అని ఒప్పుకుంటేనే నోట్ అందరికీ కనపడుతుంది. ఎప్పుడూ కొట్టుకునే రెండు వీధులవాళ్ళూ తలూపితేనే తీర్పు అన్నమాట. ఓటుకన్నా ఎంతో మేలైన ఆలోచన. కానీ ఆ రెండు వీధులూ కలవడం అరుదు. రాసిన నోట్లలో చాలా భాగం బయటికే రావు, వచ్చేవీ పోస్టు ఊరంతా తిరిగాకే వస్తాయి.

ఆలస్యమైతే ప్రాణాలు పోయే పుకార్లుంటాయి. 2018 జులై 1న మహారాష్ట్ర ధూళే జిల్లా రైన్‌పాడాలో, పిల్లల్ని ఎత్తుకెళ్ళేవాళ్ళన్న అనుమానంతో అయిదుగుర్ని కొట్టి చంపారు. ఆ నెలలోనే వాట్సాప్ మనదేశంలో ఒక మెసేజ్‌ని ఒకేసారి అయిదు చాట్లకి మించి పంపకుండా కట్టడి పెట్టింది. 2020 ఏప్రిల్లో, అప్పటికే చాలాసార్లు చేతులు మారిన మెసేజ్‌ని ఒకసారికి ఒక్క చాట్‌కే పరిమితం చేసింది. అలాంటి మెసేజ్‌ల ప్రయాణం 70 శాతం తగ్గిందని సంస్థ చెప్పింది. ఇది నిజమేదో తేల్చదు. మెసేజ్‌ని వాళ్ళు చదవలేరు కూడా. పుకారు కాళ్ళకి బంధం వేస్తుంది, అంతే. 2018లోనే జోగులాంబ గద్వాల ఎస్పీగా ఉన్న రెమా రాజేశ్వరి ఊరికో పోలీసుని కేటాయించి, జానపద కళాకారులతో పాటలు కట్టించి ఊళ్ళలో పాడించారు. ఫోన్లో పుట్టిన పుకారుని ఊరి మధ్యకి తెచ్చి, ముఖం తెలిసిన మనిషితో విరగ్గొట్టించారు. నా లెక్కలో వాట్సాప్ కట్టడి దీని పక్కన చిన్న పనే.

మా గ్రూపులో ఇప్పుడు పాటిస్తున్నది కలగూరగంప. బూతొస్తే అడిగే పని లేదు, డిలీట్. ఆరోగ్యం, డబ్బు, మతం మీద ఫార్వర్డ్ వస్తే దానికిందే "ఆధారం చూపాలి" అని పెడతాను, అంతకుమించి ఒక్క ముక్క రాయను. ఓటింగ్ పెట్టమన్నవాళ్ళకి వద్దన్నాను. మొదట నవ్వారు, తర్వాత అలవాటైంది. ఆకు రసం వాడికి దీని రుచి బాగా తెలిసింది. పోయిన నెల నేను మన బడి 1962లో పెట్టారని ఘనంగా రాస్తే, "ఆధారం చూపాలి" అన్నాడు. నా దగ్గర లేదు. మర్నాడు వాడే వెళ్ళి శిలాఫలకం ఫోటో తీసి పెట్టాడు, 1958.

డాక్టరమ్మకి రెండుసార్లు ఫోన్ చేశాను. ఇంకా తిరిగి చేరలేదు.