కయాక్ అడుగు సొట్టపోకుండా: ఫోమ్ దిమ్మలు, పట్టీలు, గోడ బ్రాకెట్లపై సమీక్ష

శ్రీకాకుళం నుంచి కళింగపట్నానికి, వంశధార సముద్రంలో కలిసే చోటికి, కారు పైన కయాక్‌ను (తెడ్డుతో నడిపే సన్నని చిన్న పడవను) తీసుకెళ్లడానికి కొన్నేళ్లుగా నేను వాడుతున్నవి రెండు: కారు పైన అడ్డకడ్డీలకు తొడిగే ఫోమ్ దిమ్మలు, కామ్ బకిల్ (పట్టీని నొక్కి పట్టే స్ప్రింగు బిగింపు) ఉన్న పాలిస్టర్ పట్టీలు. ఇంటి దగ్గర దాన్ని నిలిపి ఉంచేందుకు గోడకు మెత్త చుట్టిన బ్రాకెట్లు బిగించాను. వీటిలో ఒక్కటే కొనగలిగినవారు ముందు మంచి పట్టీలు కొనుక్కోవాలని నా అభిప్రాయం.

ప్లాస్టిక్ కయాక్‌కు రాతి గీతల కన్నా, ఒకేచోట గంటల తరబడి పడే ఒత్తిడి ఎక్కువ హాని చేస్తుంది. దానికి మన వేసవి ఎండ తోడైతే హాని రెట్టింపవుతుంది. ఈ ప్లాస్టిక్, అంటే పాలిథిలిన్, కరగడానికి 100 డిగ్రీలకు పైగా వేడి కావాలి గానీ, మెత్తబడి వంగడానికి అంత అవసరం లేదు. మత్స్యకారులు ఇసుక మీద లాగే ఫైబర్ తెప్పను చూసి కయాక్ కూడా అంతే గట్టిదనుకోకూడదు: ఫైబర్ గట్టిగా నిలిచి, మితిమీరితే పగులుతుంది; పాలిథిలిన్ అంత తేలిగ్గా పగలదు, నెమ్మదిగా లోపలికి వంగిపోతుంది. లారీ సరుకుకు వాడే రాచెట్ పట్టీని నేను కయాక్ దగ్గరికి రానివ్వకపోవడానికి కారణం ఇదే. దాని మీట చేతి బలాన్ని ఎన్నో రెట్లు పెంచుతుంది కనుక ఎంత బిగిసిందో చేతికి తెలియదు. కామ్ బకిల్ అయితే మన చెయ్యి లాగినంతే బిగుస్తుంది. కయాక్‌ను పట్టుకుని ఊపినప్పుడు దానితో పాటు కారూ ఊగితే ఆ బిగువు చాలు. జాతీయ రహదారి మీద గాలికి పట్టీ రొద పెట్టకుండా దాన్ని ఒక మెలిక తిప్పి కట్టాలి. ముందు, వెనుక కొసలను కూడా బంపర్ వైపు తాళ్లతో విడిగా కట్టాలి. తడిస్తే నైలాన్ సాగుతుంది, పాలిస్టర్ అంతగా సాగదు. ఉప్పుగాలికి బకిల్ స్ప్రింగు తుప్పు పడుతోంది కనుక, వచ్చిన ప్రతిసారీ మంచినీళ్లతో కడగవలసి వస్తోంది.

ఫోమ్ దిమ్మలు బాగానే పనిచేస్తున్నాయి. నాది పైన కూర్చునే రకం కనుక, బోర్లా పెట్టి గట్టి అంచుల మీద బరువు ఆనిస్తాను. దిమ్మల సందుల్లో ఇరుక్కున్న ఇసుక దారి పొడవునా గరుకు కాగితంలా గీస్తుంది కాబట్టి కయాక్ ఎక్కించే ముందు వాటిని దులపాలి. బొటనవేలితో నొక్కితే తిరిగి పైకి లేవని ఫోమ్‌ను మార్చేయాలి.

బ్రాకెట్ల విషయంలో వాటి మధ్య దూరమే ముఖ్యం. కయాక్ పొడవులో రెండు కొసల నుంచి దాదాపు నాలుగో వంతు లోపలికి బిగించి, వాటి మీద కయాక్‌ను పక్కకు వాల్చి ఉంచాను. అలా ఉంచితే బరువు చదునైన అడుగు మీద పడదు. పిడులకు తాళ్లు కట్టి వేలాడదీయడం మంచిది కాదు. ఇదే ఊళ్లో మిత్రుని కయాక్ సన్నని ఇనుప పైపుల మీద వేసవంతా ఉండగా, పైపు ఆనిన చోటల్లా అరచేతి వెడల్పున సొట్టలు పడ్డాయి. వేడినీళ్లు పోసి లోపలి నుంచి నెట్టితే చాలావరకు సరైంది గానీ, పూర్తిగా పోలేదు.

నీడలో ఉంచాలి, నీళ్లు పోయే బిరడాను తెరిచి ఉంచాలి; నల్ల టార్పాలిన్ బిగించి చుట్టకూడదు. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను చూసిన జిల్లా ఇది. తుపాను హెచ్చరిక వచ్చినప్పుడు మాత్రం బ్రాకెట్లను నమ్మకుండా కయాక్‌ను ఇంట్లోకి తెచ్చి, పాత పరుపు మీద పక్కకు వాల్చి ఉంచుతున్నాను.