ములుగు రోడ్డు, కెరమెరి ఘాట్: సైకిలు మీద రెండు యాత్రలు

గేర్ల సైకిలు కొన్న వారం లోపే హనుమకొండలో తెలిసినవాళ్ళందరూ నన్ను ఒకటే ప్రశ్న అడిగారు: "గుట్టలు ఎక్కగలవా?" నాలుగేళ్ళు తొక్కాక నా జవాబు ఇది. గుట్టలతో నాకు ఎన్నడూ పేచీ రాలేదు, వచ్చిందల్లా ఇసుక లారీలతోనే. గుట్ట ఎదురుగా నిలబడి తన ఎత్తు ఎంతో ముందే చెబుతుంది. లారీ వెనక నుంచి వస్తుంది.

పోయిన చలికాలంలో నేనూ మా బావమరిదీ చేసిన రెండు యాత్రల్లో ఈ సంగతి బాగా తేలింది. నవంబరులో ములుగు వైపు రెండు రోజులు, డిసెంబరులో ఆసిఫాబాద్ గుట్టల్లో నాలుగు రోజులు తిరిగాం. మొదటిదాంట్లో దారి దాదాపు చదునే. రెండోదాంట్లో ఘాట్ రోడ్డు ఉంది. అలసిపోయి ఇల్లు చేరింది మాత్రం మొదటిసారే.

ములుగుకు 163వ నంబరు జాతీయ రహదారి మీద ఆత్మకూరు, మల్లంపల్లి మీదుగా వెళ్ళాలి. తెల్లవారుజామున నాలుగున్నరకు బయలుదేరితే మల్లంపల్లి దాకా హాయిగా ఉంటుంది. తెల్లవారాక గోదావరి ఒడ్డు నుంచి ఇసుక తెచ్చే లారీలు ఎదురవుతాయి, ఖాళీగా వెళ్ళేవి మనల్ని దాటుకుంటూ పోతాయి. నిండు లారీకన్నా ఖాళీ లారీతోనే భయం. దానికి తొందర ఎక్కువ. ములుగు ముందు గట్టమ్మ గుడి దగ్గర మేడారం వెళ్ళే బండ్లన్నీ ఆగుతాయి, డ్రైవర్లు దిగి కొబ్బరికాయ కొడతారు. మేమూ ఆగాం. అమ్మవారికి దండం పెట్టుకుంటే లారీలు కాస్త పక్కకు జరిగి పోతాయని మా బావమరిది నమ్మకం. ఆ తర్వాత పది కిలోమీటర్లు నేను గమనిస్తూనే ఉన్నాను. తేడా ఏమీ కనిపించలేదు.

ములుగు దాటాక జంగాలపల్లి క్రాస్ దగ్గర పాలంపేట వైపు తిరగగానే వేరే లోకం. వరి కోతలు అయిపోయి రోడ్డు సగం మేర వడ్లు ఆరబోసి ఉన్నాయి. అంచున వరసగా రాళ్ళు, మధ్యలో కాళ్ళతో వడ్లు తిరగేస్తూ నడిచే ఆడవాళ్ళు. మిగిలిన సగంలోనే బస్సు, ఆటో, మేము. వడ్ల మీదికి చక్రం పోనిస్తే తిట్లు తప్పవు, న్యాయమే. కానీ ఆ రాళ్ళు బండ్లను నెమ్మదింపజేస్తాయి కాబట్టి సైకిలుకు ఇంత క్షేమమైన దారి ఆ రోజంతా మళ్ళీ దొరకలేదు.

రామప్ప గుడికి ఎనిమిదిన్నర లోపు చేరాలి. తర్వాత బస్సుల్లో బడిపిల్లలు వస్తారు, రాతి నేల కాలుతుంది, చెప్పులు బయటే వదలాలి. గణపతిదేవుడి సేనాని రేచర్ల రుద్రుడు 1213లో కట్టించిన గుడి ఇది. కట్టించినవాడి పేరుతో కాక శిల్పి పేరుతో జనం పిలుచుకునే గుళ్ళు ఎన్నో లేవు. 2021లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలోకి ఎక్కాక రద్దీ పెరిగింది. చూరు కింద మదనికలనే నల్లరాతి స్త్రీ శిల్పాల్లో ఒకామె ఎత్తు మడమల చెప్పులు వేసుకుని నిలబడి ఉంటుంది. నీటి మీద తేలే ఇటుకల కథ వినిపించడానికి గైడ్లు సిద్ధంగా ఉంటారు. వినండి, ఇటుకలు నిజంగానే తేలిక.

నా మనసు పట్టింది మాత్రం అక్కడికి పది కిలోమీటర్ల దూరంలోని ఘనపూర్ కోటగుళ్ళు. మట్టికోట గోడ లోపల చిన్నా పెద్దా ఇరవై రెండు గుళ్ళు, కొన్ని నిలబడి, కొన్ని కూలి ఉన్నాయి. మేము వెళ్ళినప్పుడు మాతోపాటు ఇద్దరు పశువుల కాపరులు, వాళ్ళ గొడుగులు. అంతే. కూలిన మండపం నీడలో సైకిళ్ళు పడుకోబెట్టి గంటసేపు మేమూ పడుకున్నాం. రామప్ప చూడడానికి, ఘనపూర్ కూర్చోవడానికి. రెండింట్లో ఒకటే వెళ్ళగలిగితే మొదటిసారి రామప్పకే వెళ్ళండి, రెండోసారి నా మాట గుర్తుకొస్తుంది.

లక్నవరం గురించి ఎక్కువ చెప్పను. వేలాడే వంతెన, చెరువు మధ్య దీవులు, ఆదివారం జనం. మళ్ళీ హైవే ఎక్కి చల్వాయి దాకా పోతే తప్ప అటు వెళ్ళే దారి పట్టుకోలేం. ఆ రాత్రి హైవే పక్క ఊళ్ళో దొరికిన లాడ్జిలో సైకిళ్ళు గదిలోకి తేవద్దన్నారు. మెట్ల కింద కట్టేయమన్నారు. పొద్దున చూస్తే నా సీటు మీద ఎవరో తడి తువ్వాలు ఆరేసి ఉన్నారు, మా బావమరిది సైకిలు గంట లేదు. అప్పటి నుంచి నేను గది అద్దె అడిగే ముందు సైకిలు సంగతి అడుగుతాను. పస్రా దాకా వెళ్ళి, మేడారం అడవి దారిలోకి తిరగకుండానే వెనక్కి వచ్చాం. రెండేళ్ళకోసారి వచ్చే సమ్మక్క సారలమ్మ జాతర ఏడాదిలో, మాఘమాసం ముందు నెలా రెండు నెలలు అటు సైకిలు ఆలోచనే వద్దు.

రెండో యాత్ర రైలుతో మొదలైంది. కాజీపేటలో సైకిలును లగేజీగా బుక్ చేస్తే బ్రేక్ వ్యాన్‌లో వేస్తారు. కానీ ఆసిఫాబాద్ రోడ్ లాంటి చిన్న స్టేషన్లో రైలు ఎంతోసేపు ఆగదు, దించేలోపు కదిలిపోతే సైకిలు మనకన్నా ముందు బల్లార్షా చూసి వస్తుంది. చక్రాలు విప్పి, గోనెసంచిలో కుట్టించి, సీటు కింద వెంట పెట్టుకోవడమే మేలు. మా సంచులు చూసి పక్కనాయన మిర్చి బస్తాలనుకున్నాడు. ఇంకో మాట, ఆసిఫాబాద్ రోడ్ స్టేషన్ నుంచి ఆసిఫాబాద్ పట్టణం చాలా దూరం. పేరు చూసి మోసపోవద్దు. జిల్లా కేంద్రమయ్యాక అక్కడ గదులకు లోటు లేదు. మా లాడ్జి కుర్రవాడు సైకిళ్ళను తనే భుజాన వేసుకుని రెండో అంతస్తుకు చేర్చాడు.

అక్కడి ఉదయపు ఫలహారం పోహా. మహారాష్ట్ర పక్కనే కాబట్టి ఇడ్లీ కన్నా అదే తాజాగా దొరుకుతుంది. అది తిని కెరమెరి దారి పట్టాం. రెండు వైపులా పత్తి చేలు, కంది చేలు. తీసిన పత్తి కొంత గాలికి ఎగిరి రోడ్డు పక్క ముళ్ళకంపలకు అంటుకుని ఉంది. ఎదురైన పెద్దవాళ్ళు "రామ్ రామ్" అంటారు. అక్కడ పలకరింపు అదే, మనమూ అదే అనాలి. రెండు గంటల్లో మేము లెక్కపెట్టిన లారీలు నాలుగు.

హట్టి దగ్గర పక్కకు తిరిగితే జోడేఘాట్. 1940లో నిజాం పోలీసులతో పోరాడుతూ కొమరం భీం నేలకొరిగిన చోటు. ఇప్పుడు విగ్రహం, స్మారకం, మ్యూజియం ఉన్నాయి. ఆశ్వయుజ పౌర్ణమికి భీం వర్ధంతి చేస్తారు, ఆ రోజు వేలల్లో జనం వస్తారు. మామూలు రోజున మా ఇద్దరికి తోడు కాపలా మనిషి ఒక్కడే. దారి మాత్రం సైకిలుకు పరీక్షే, ఒక ఎత్తు దిగగానే ఇంకో ఎత్తు. వెళ్ళిన దారినే వెనక్కి వచ్చి ఘాట్ ఎక్కాలంటే ఆ రోజుకు శక్తి చాలదని మధ్యాహ్నం తెలిసింది, కానీ అప్పటికి ఆలస్యమైంది. జోడేఘాట్‌కు ఒక రోజు విడిగా పెట్టుకుంటే మంచిది.

కెరమెరి ఘాట్ పొడవేమీ కాదు. మలుపు మలుపుకీ టేకు చెట్ల మధ్యనుంచి కింద లోయ కనిపిస్తుంది. అన్నిటికన్నా చిన్న గేరులో, నడిచే మనిషి వేగంతో ఎక్కాం. మూడో మలుపులో నేను దిగి నెట్టాను, మా బావమరిది దిగలేదు. ఆ విషయం ఇప్పటికి పెళ్ళిళ్ళలో, బారసాలల్లో కలిపి ఆరుసార్లు చెప్పాడు. ఎదురొచ్చిన ఆర్టీసీ బస్సు డ్రైవరు మలుపులో మమ్మల్ని చూసి బండి ఆపి, దాటిపొమ్మని చెయ్యి ఊపాడు. హైవే మీద నాలుగేళ్ళలో నాకోసం ఎవరూ అలా ఆగలేదు. ఎక్కేటప్పుడు చెమట, పైకి చేరగానే చలి. డిసెంబరులో ఈ గుట్టల మీద రాత్రి ఉష్ణోగ్రత పది డిగ్రీల లోపుకు దిగడం మామూలే. స్వెట్టరు సంచి అడుగున పెట్టుకున్నవాడు మూర్ఖుడు. నేను అడుగునే పెట్టుకున్నాను.

జైనూరు ఇంకా కొంత దూరం ఉందనగా నా ముందు చక్రం గాలి పోయింది. వెంట ట్యూబు ఉంది. చేతిపంపు మాత్రం ఆసిఫాబాద్ లాడ్జి మంచం కింద ఉంది. నెట్టుకుంటూ జైనూరు చేరేసరికి దీపాలు పెట్టేశారు. పంక్చర్ల దుకాణం తెరిచే ఉంది. ఇక్కడే అసలు చిక్కు. నా చక్రానికి ఉండేది సన్నమూతి వాల్వు, ఊళ్ళల్లోని గాలి మెషీన్లన్నీ మోటారు సైకిళ్ళ లావుమూతికి సరిపోయేవి. మార్చి బిగించే ఇత్తడి బుడిపె ఒకటి అమ్ముతారు. నా దగ్గర లేదు. దుకాణం మనిషి ముందు ట్యూబును నీళ్ళ తొట్టిలో ముంచి, బుడగలు వచ్చే చోట అగ్గిపుల్ల గుచ్చి, గరుకు కాగితంతో రుద్ది, సొల్యూషన్ పూసి, అతుకు వేసి సుత్తితో తట్టాడు. అక్కడిదాకా చిన్నప్పటి నుంచి చూస్తున్నదే. తర్వాత వాల్వును దీపం దగ్గర తిప్పి తిప్పి చూశాడు. దాని ప్లాస్టిక్ మూత అడిగి తీసుకుని, బ్లేడుతో కొన కోసేసి, తిరగేసి వాల్వుకే బిగించాడు. ఆ లావుకు మెషీను గొట్టం బిగుతుగా పట్టింది. బుస్సుమని గాలి ఎక్కింది.

"ఇది ఎవరు నేర్పారు?" అన్నాను.

"ఎవరూ నేర్పలేదు సార్. ఇట్లాంటి సైకిలు మా దుకాణానికి రావడం ఇదే మొదలు," అన్నాడు. ముప్ఫై రూపాయలు తీసుకున్నాడు, మూత పాడుచేసినందుకు పది తగ్గిస్తానన్నాడు కూడా.

ఆ రాత్రి తెలిసిన ఉపాధ్యాయుడి ఇంట్లో బస. జైనూరులో లాడ్జిని నమ్ముకుని వెళ్ళవద్దు. ఎవరైనా తెలిసినవాళ్ళను చూసుకోండి, లేదా వెలుతురు ఉండగానే ఉట్నూరు చేరేలా లెక్క వేసుకోండి. పొయ్యి మీదినుంచి నేరుగా పళ్ళెంలోకి వచ్చిన జొన్నరొట్టె, వెల్లుల్లి కారం, కందిపప్పు. నాలుగు రొట్టెల తర్వాత లెక్క మానేశాం.

మర్నాడు మార్లవాయి. జైనూరు నుంచి కాసేపే. జోడేఘాట్ పోరాటం తర్వాత గోండుల బాధలేమిటో తెలుసుకోమని నిజాం ప్రభుత్వం ఆస్ట్రియా మానవశాస్త్రజ్ఞుడు హైమన్‌డార్ఫ్‌ను పంపితే, ఆయన భార్య బెట్టీతో కలిసి ఈ ఊళ్ళోనే కాపురం పెట్టాడు. గోండు పిల్లలకు గోండు ఉపాధ్యాయులే చదువు చెప్పాలని 1943లో ఇక్కడే శిక్షణ కేంద్రం మొదలైంది. భార్యాభర్తల సమాధులు పక్కపక్కనే ఉన్నాయి. చుట్టూ ఊడ్చి శుభ్రంగా ఉంది, పూలు వాడలేదు. మేము నిలబడి ఉండగా బడికి పోయే పిల్లలు అరుగు మీద సంచులు పెట్టి గోళీలు ఆడుకున్నారు. గోండుల నాట్యమైన గుస్సాడీకి గురువుగా 2021లో పద్మశ్రీ అందుకున్న కనకరాజుదీ ఈ ఊరే. ఆయన 2024లో పోయారు. దీపావళి రోజుల్లో గోండుల దండారీ పండుగ జరిగేటప్పుడు వస్తే నెమలి ఈకల కిరీటాలతో గుస్సాడీలను చూడవచ్చని మా ఉపాధ్యాయుడు చెప్పాడు. టికెట్టు పెట్టి చూపించేదేమీ లేని ఊరిది, అయినా ఈ రెండు యాత్రల్లో నేను అన్నిచోట్లకన్నా ఎక్కువసేపు నిలబడింది అక్కడే.

ఉట్నూరులో గదులు దొరుకుతాయి. మేము దిగినచోట వేడినీళ్ళు బకెట్లో తెచ్చిచ్చారు, సైకిళ్ళు గదిలోనే పెట్టుకున్నాం, ఆరు వందలు. అక్కడ సామాన్లు దించి ఖాళీ సైకిళ్ళతో ఇంద్రవెల్లి మీదుగా కేస్లాపూర్ వెళ్ళి రావచ్చు. ఇంద్రవెల్లిలో 1981 ఏప్రిల్ 20న పోలీసు కాల్పుల్లో చనిపోయిన గోండుల స్తూపం దగ్గర ఆగాం. కేస్లాపూర్‌లో నాగదేవత నాగోబా గుడిని గోండుల్లోని మెస్రం వంశస్థులు తమ చందాలతో కొత్తగా రాతితో కట్టుకున్నారు. పుష్య అమావాస్య జాతరకు ముందు వాళ్ళు చెప్పులు లేకుండా నడిచి వెళ్ళి, జన్నారం దగ్గరి హస్తలమడుగు నుంచి గోదావరి నీళ్ళు తెస్తారు. మర్నాడు మేము దిగబోయేది ఇంచుమించు అటువైపే.

ఉట్నూరు నుంచి జన్నారం దారి కవ్వాల్ పులుల అభయారణ్యంలోంచి పోతుంది. తెల్లవారాకే బయలుదేరండి. మధ్యలో ఎక్కడా ఆగి చెట్లలోకి వెళ్ళవద్దని చెక్‌పోస్టులో చెప్పారు, అదీ మర్యాదగానే. ఎక్కువ భాగం దిగుడే. బ్రేకులు ముందు రోజే చూసుకోవాలి. ఫోను సిగ్నలు చాలాసేపు ఉండదు కాబట్టి చేతిలో నగదు, రెండు సీసాల నీళ్ళు తప్పనిసరి. జన్నారం తర్వాత లక్సెట్టిపేట నుంచి మంచిర్యాల దాకా మళ్ళీ లారీలు. ఆ చివరి పాతిక కిలోమీటర్లు ట్రాలీ ఆటోలో వెళ్ళినా తప్పు లేదు. మేము తొక్కాం, తప్పే చేశాం. రైలు మంచిర్యాలలో ఎక్కి కాజీపేటలో దిగాం.

వెళ్ళాలనుకుంటే నవంబరు నుంచి జనవరి చివరిదాకానే. ఫిబ్రవరి తర్వాత టేకు ఆకు రాలిపోతుంది, ఘాట్ మీద కాని, కవ్వాల్ దారిలో కాని గొడుగంత నీడ మిగలదు. మా బావమరిది ఏప్రిల్ సెలవుల్లో మళ్ళీ వెళ్దాం బావా అంటున్నాడు. పంపు ఇచ్చాను, ఒక్కడినే వెళ్ళమన్నాను.