ఆరేళ్ళుగా ఎమ్‌సీఆర్ చెప్పులు: నా అనుభవం

నాకు షుగరొచ్చి 19 ఏళ్ళు. స్పర్శ తగ్గిన పాదాలకి వాడే మెత్తటి రబ్బరు చెప్పులు, అంటే ఎమ్‌సీఆర్ చెప్పులు, మొదలుపెట్టి ఆరేళ్ళు. కొందామనుకునేవాళ్ళకి ముందే చెప్తున్నా, అరికాళ్ళ మంటలు వీటితో తగ్గవు. నాకు తగ్గలేదు. రాత్రిళ్ళు దుప్పటి తగిలినా కారం రాసినట్టుంటుంది. దానికి డాక్టరు గారు రాసిన ప్రీగాబాలిన్ వేసుకుంటున్నాను. మొదటి నెలంతా పొద్దున మత్తు వదిలేది కాదు. షుగరుకి వేసుకునే మెట్‌ఫార్మిన్ మాత్ర ఏళ్ళ తరబడి వాడితే బి12 విటమిన్ తగ్గి, తిమ్మిర్లు ఇంకా పెరగొచ్చట. పరీక్ష చేయించాక గానీ నాకా సంగతి తెలియలేదు.

మరి చెప్పులెందుకంటారా? ఓ వైశాఖ మాసం మిట్టమధ్యాహ్నం గుడిచుట్టూ మూడు ప్రదక్షిణలు చేశాను. బండలు కాలిపోతున్నాయని అందరూ పరుగులు పెడుతుంటే నేను నిదానంగా నడిచాను. ఇంటికొచ్చాక గడప దగ్గర తడి మరక చూసి మా ఆవిడ కాలెత్తమంది. బొటనవేలి కింద రూపాయి బిళ్ళంత బొబ్బ చితికిపోయి ఉంది. నాకు తెలియనే లేదు! మానడానికి నాలుగు నెలలు పట్టింది.

ఇంత మంట పుట్టే కాలికి కాలినట్టు తెలియకపోవడమేమిటని అడిగాను. డాక్టరు గారు నన్ను కళ్ళు మూసుకోమని, 10 గ్రాముల ఒత్తిడికి వంగే మోనోఫిలమెంటు, అంటే సన్నటి నైలాను పోగు, అరికాలికి ఆనించారు. పదిచోట్ల ఆనిస్తే ఆరుచోట్ల తెలియలేదు. దెబ్బతిన్న నరం, లేని మంటని పుట్టిస్తుంది, ఉన్న దెబ్బని చెప్పదు.

ఎమ్‌సీఆర్ అంటే మైక్రో సెల్యులర్ రబ్బరు. వేలితో నొక్కితే దిగి మళ్ళీ లేస్తుంది, ఒంటి బరువు ఒక్కచోటే పడనీయదు. కుష్ఠువల్ల స్పర్శ పోయిన పాదాలకీ ఇదే వాడతారు. మేకులు లేనివి, వెనక పట్టీ ఉన్నవి తీసుకోండి. వేళ్ళ మధ్య పట్టీ ఉన్నవి వద్దు, అక్కడ ఒరుసుకుని పుండు పడినా మనకి తెలియదు. కొత్త జత మొదట్లో ఇంట్లోనే, అరగంట చొప్పున.

దీనిలో పెద్ద లోపం, పైకి బాగానే కనబడుతూ లోపల రబ్బరు అణిగిపోవడం. ఒక జత ఏడాదిన్నర లాగాను, ఆనెకాయ లేచి కింద నల్లబడింది. ఇప్పుడు ఎనిమిది నెలలకే మార్చేస్తున్నాను. వేసుకునే ముందు లోపల చెయ్యిపెట్టి తడమడం తప్పనిసరి, ఒకసారి చింతగింజ దొరికింది.

గుడికి తెల్లవారుజామునే వెళ్తున్నాను, తెల్ల మేజోళ్ళతో. తెల్లవైతే నెత్తురంటినా వెంటనే కనబడుతుంది.