యూబీకీ 5: కీ ఎత్తుకుపోలేరు సరే, వాడకుండా ఆపేదేంటి?

సర్వర్లు చూసుకునే ఉద్యోగం నాది. కొన్నేళ్లుగా యూబీకీ 5 ఎన్‌ఎఫ్‌సీ రోజూ వాడుతున్నాను, అంటే రహస్య కీలను లోపలే దాచుకుని కంప్యూటర్ పోర్టులో పెట్టే చిన్న టోకెన్. గిట్ కమిట్ల (కోడ్‌లో నమోదు చేసే మార్పుల) మీద డిజిటల్ సంతకం, ఎస్‌ఎస్‌హెచ్‌తో దూరంగా ఉన్న సర్వర్లలోకి లాగిన్, పాస్‌వర్డ్ ఫైళ్లు తెరవడం, అన్నీ దీంతోనే. దీని గురించి ఎవరిని అడిగినా ముందు చెప్పే మాట, ప్రైవేట్ కీ (సంతకం పెట్టేందుకు, ఫైళ్లు తెరిచేందుకు వాడే రహస్య కీ) బయటికి రాదు అని. నిజమే, రాదు. కానీ ఇన్నాళ్లు వాడాక నాకు అంతకంటే ముఖ్యం అనిపించేది, ఆ కీని ఎవరు ఎప్పుడు వాడగలరు అన్నది.

ఓపెన్‌పీజీపీలో (సంతకాలకు, ఫైళ్లకు తాళం వేసి తీయడానికి టోకెన్‌లో ఉండే విధానం) ఫైల్ తెరవడానికి ఒకసారి పిన్ కొడితే మామూలుగా టోకెన్ పీకేదాకా మళ్లీ అడగదు. ఈలోపు ల్యాప్‌టాప్‌లో మాల్వేర్ దూరిందనుకోండి, దానికి కీ కాపీ చేసుకోవాల్సిన పనే లేదు, టోకెన్ పోర్టులో ఉన్నంతసేపూ దాంతోనే కావలసినవన్నీ తెరిపించుకుంటుంది. ఎస్‌ఎస్‌హెచ్ ఏజెంట్ ఫార్వర్డింగ్ (మన కీని అవతలి సర్వర్‌ నుంచి కూడా వాడుకునే ఏర్పాటు) పెట్టి వేరే సర్వర్‌కి వెళ్తే, అక్కడ రూట్ (పూర్తి అధికారం) ఉన్నవాళ్లు కూడా మీ కీని అలాగే వాడుకోవచ్చు. దీన్ని ఆపేది టచ్ పాలసీ, అంటే టోకెన్‌ని వేలితో ముట్టుకుంటేనే కీ పనిచేయాలన్న సెట్టింగ్. ఓపెన్‌పీజీపీలో ఇది మొదట ఆఫ్‌లోనే ఉంటుంది, మనమే ఆన్ చేసుకోవాలి. చేశాక ప్రతి సంతకానికీ, ప్రతి డిక్రిప్షన్‌కీ (తాళం వేసిన ఫైల్ తెరవడానికీ) టోకెన్ మధ్యలో ఉన్న బంగారు రంగు బిళ్ల మెరుస్తూ ఆగుతుంది, వేలు పెడితేనే పని జరుగుతుంది. నేనేమీ చేయకుండా అది మెరిస్తే ముట్టుకోను, టోకెన్ పీకేసి ఏ ప్రోగ్రాం అడిగిందో వెతుకుతాను.

ఇబ్బంది లేదా అంటే ఉంది. గిట్‌లో పొడవాటి రీబేస్ (పాత కమిట్లను వరసగా మళ్లీ రాయడం) చేస్తే ప్రతి కమిట్‌కీ వేలు పెట్టాలి, విసుగొస్తుంది. అందుకని సంతకం కీకి క్యాష్డ్ పాలసీ పెట్టాను, ఒకసారి ముట్టుకుంటే 15 సెకన్లు చెల్లుతుంది. డిక్రిప్షన్ కీకి మాత్రం ఫిక్స్‌డ్, అంటే కీని చెరిపితే తప్ప ఆ పాలసీని ఎవరూ తీసేయలేరు. అసలు లోపం ఇంకొకటి: దీనికి స్క్రీన్ లేదు. దేనికి సంతకం పెడుతున్నామో టోకెన్ చూపించదు, కంప్యూటర్ చెప్పింది నమ్మి వేలు పెట్టాల్సిందే.

ఈ టచ్ విలువ నాకు బాగా అర్థమైంది మన దగ్గర జీఎస్టీకి, టెండర్లకు వాడే డీఎస్‌సీ (డిజిటల్ సిగ్నేచర్ సర్టిఫికెట్) టోకెన్లు చూశాకే. కీ అందులోనూ భద్రంగానే ఉంటుంది. కానీ నేను చూసిన వాటికి బటన్ లేదు, పిన్ ఒక్కటే. చాలామంది టోకెన్‌ని ఆడిటర్ ఆఫీసు సొరుగులో వదిలేసి, పిన్ చీటీ మీద రాసి ఇచ్చేస్తారు. ప్రైవేట్ కీ తన అదుపులో ఉంచుకోవడం సర్టిఫికెట్ తీసుకున్నవాళ్ల బాధ్యత అని 2000 నాటి ఐటీ చట్టం 42వ సెక్షన్ స్పష్టంగా చెబుతున్నా సరే! కంపెనీ డైరెక్టర్ సంతకం ఆయన ఊళ్లో లేనప్పుడు కూడా పడుతుందంటే నాకు నిజంగా భయమేస్తుంది. టోకెన్ మరొకరి చేతిలో ఉంటే టచ్ కూడా ఏమీ చేయలేదు, ముట్టుకునేది వాళ్లే కదా. అందుకే ఆ సొరుగులోంచి మీది ముందు తెచ్చేసుకోండి.

కొనేవాళ్లకు: రెండు కొనండి, ఖర్చు తక్కువేం కాదు కానీ ఒకటి పోతే రెండోది ఉండాలి. కీని కంప్యూటర్‌లో తయారుచేసి బ్యాకప్ తీశాకే టోకెన్‌లోకి ఎక్కించండి, ఎక్కాక వెనక్కి రాదు. ఓపెన్‌పీజీపీ పిన్ 123456, అడ్మిన్ పిన్ 12345678 అని వస్తాయి, మొదట అవి మార్చండి. పిన్ మూడుసార్లు తప్పు కొడితే లాక్, అడ్మిన్ పిన్ కూడా మూడుసార్లు తప్పితే రీసెట్ చేసి మొదటినుంచి మొదలుపెట్టాల్సిందే. ఫర్మ్‌వేర్ (టోకెన్ లోపలి సాఫ్ట్‌వేర్) అప్‌డేట్ చేసే వీలు లేదు కాబట్టి పాత స్టాక్ అంటగడితే తీసుకోకండి, 5.7 లేదా ఆపైది అడగండి. 2024 సెప్టెంబరులో బయటపడ్డ యూక్లీక్ అనే లోపం (లోపలి కీని రాబట్టే వీలిచ్చేది) అంతకుముందు ఫర్మ్‌వేర్ ఉన్నవాటిలో ఉంది. టోకెన్ చేతికి చిక్కించుకుని, విప్పి, ల్యాబ్ పరికరాలు పెడితేగానీ ఆ దాడి కుదరదు, అందుకే నా పాతదాన్ని ఇంకా వాడుతున్నాను.