పోటీ, పోరాటం, ఫండ్, ప్రాజెక్టు: యూనివర్సిటీ పర్యావరణం కోసం విద్యార్థులు ఏది ఎంచుకుంటే మేలు?

యూనివర్సిటీలో పర్యావరణ క్లబ్ పెట్టిన ప్రతి బృందానికీ మొదటి ఏడాదిలోనే ఒక చిక్కు ఎదురవుతుంది. ఉన్నది పదిమంది. క్లాసులు, పరీక్షలు పోగా మిగిలేది వారానికి కొన్ని గంటలు. వాటిని దేని మీద పెట్టాలి? హాస్టళ్ళ మధ్య కరెంటు పొదుపు పోటీ పెట్టాలా? బొగ్గు, చమురు కంపెనీల్లో యూనివర్సిటీ పెట్టిన డబ్బు వెనక్కి తీసుకోమని పోరాడాలా? విద్యార్థుల ఫీజుతో పర్యావరణ పనులకు ఒక గ్రీన్ ఫండ్ మొదలుపెట్టాలా? లేక క్యాంపస్‌లోని సమస్యనే క్లాసు ప్రాజెక్టుగా తీసుకోవాలా? నాలుగూ మంచివే. కానీ పదిమంది నాలుగూ ఎత్తుకుంటే నాలుగూ సగంలో ఆగుతాయి. నేను పనిచేసిన క్లబ్బులో సరిగ్గా అదే జరిగింది. ఆ బాధ ఇప్పటికీ పోలేదు, అందుకే ఇది రాస్తున్నాను.

ఏ పనినైనా నేను ఒకే ప్రశ్నతో తూకం వేస్తాను. మొదలుపెట్టినవాళ్ళు డిగ్రీ తీసుకుని వెళ్ళిపోయాక కూడా అది నడుస్తుందా? విద్యార్థి క్యాంపస్‌లో ఉండేది మూడు, నాలుగేళ్ళు. భవనం యాభై ఏళ్ళు ఉంటుంది. క్యాంపస్ వాడే ఇంధనంలో పెద్ద వాటా ఆ భవనాలను వేడిగానో చల్లగానో ఉంచడానికి, లైట్లకు, ల్యాబ్‌లకు పోతుంది. అంత కాలం నిలిచే వాటిని నాలుగేళ్ళ మనిషి కదిలించాలంటే తన తర్వాత కూడా పనిచేసేదేదో అక్కడ వదిలి వెళ్ళాలి.

మొక్కలు నాటే రోజు గురించి ఎక్కువ చెప్పను. నాటిన నెలకు పరీక్షలు, ఆ తర్వాత సెలవులు. నీళ్ళు పోసేవాళ్ళుండరు. తోటమాలితో ముందే మాట్లాడుకోకపోతే ఆ రోజు ఫోటోలకే పరిమితం.

కరెంటు పొదుపు పోటీకి మాత్రం ఒక పెద్ద బలం ఉంది. ఫలితం అంకెల్లో, వెంటనే కనిపిస్తుంది. అమెరికాలోని ఓబర్లిన్ కాలేజీలో 2005లో రెండు వారాల పాటు డార్మిటరీల మధ్య పోటీ పెడితే కరెంటు వాడకం 32 శాతం తగ్గింది. ఎంత వాడుతున్నారో ఎప్పటికప్పుడు తెర మీద కనిపించిన డార్మిటరీల్లో 55 శాతం దాకా తగ్గింది. కంటికి కనిపిస్తే మనిషి మారతాడని దీన్నిబట్టి తెలుస్తోంది. అయితే అవి ఆ రెండు వారాల అంకెలు. పోటీ అయిపోతుంది, గెలిచినవాళ్ళకు చప్పట్లు కొడతారు, మళ్ళీ ఖాళీ గదుల్లో లైట్లు వెలుగుతాయి. పైగా ఏడాదికోసారి కొత్త బ్యాచ్ వస్తుంది, వాళ్ళకు మళ్ళీ మొదటి నుంచి చెప్పాలి. ఇందులో నిజంగా మిగిలేది పోటీ కోసం బిగించిన మీటర్లు. అవి ఉంటే తర్వాత ఎవరైనా లెక్క తీయగలరు. మీటర్ల కోసమైనా సరే ఒక పోటీ పెట్టించండి అంటాను నేను.

ఇక్కడ ఒక మాట. అలవాట్లు మార్చాలనుకుంటే హాస్టళ్ళకంటే ముందు ల్యాబ్‌ల వైపు చూడండి. రసాయన ల్యాబ్‌లో విషవాయువులను బయటికి లాగేసే ఫ్యూమ్ హుడ్ ఒక్కటి ఏడాదికి దాదాపు మూడు ఇళ్ళకు సరిపడా ఇంధనం తింటుంది. గదిలో చల్లబరిచిన గాలినో వేడి చేసిన గాలినో అది పగలూ రాత్రీ బయటికి తోసేస్తూనే ఉంటుంది కాబట్టి. గాలి వేగం తనంతట తాను సర్దుకునే రకమైతే, పని అయిపోయాక దాని ముందున్న అద్దం తలుపు దించితే చాలు, ఆ ఖర్చు బాగా తగ్గుతుంది. అలాగే మైనస్ 80 డిగ్రీల ఫ్రీజర్లు. లోపల ఉన్న నమూనాలకు ఇబ్బంది లేనప్పుడు మైనస్ 70కి మారిస్తే కరెంటు సుమారు 30 శాతం మిగులుతుంది. ల్యాబ్‌లో సీనియర్ చేసిందే జూనియర్ నేర్చుకుంటాడు. కాబట్టి అలవాటు అక్కడ నిలబడుతుంది, హాస్టల్లో అంత తేలిగ్గా నిలబడదు.

డైవెస్ట్‌మెంట్ పోరాటం దీనికి పూర్తిగా వేరు. ఎండోమెంట్, అంటే దాతలు ఇచ్చిన శాశ్వత నిధి, పెద్దగా ఉన్న యూనివర్సిటీ దాన్ని రకరకాల కంపెనీల్లో పెడుతుంది. అందులో బొగ్గు, చమురు, గ్యాస్ కంపెనీల వాటా తీసేయమని అడగడమే ఇది. 2011లో అమెరికాలోని స్వార్త్‌మోర్ కాలేజీ విద్యార్థులు మొదలుపెట్టాక ఒక్కో క్యాంపస్‌కూ పాకింది. హార్వర్డ్ సంగతే చూడండి. 2012 నవంబరులో అక్కడ ఓటు వేసిన డిగ్రీ విద్యార్థుల్లో 72 శాతం డైవెస్ట్‌మెంట్ కావాలన్నారు. మరుసటి ఏడాది యూనివర్సిటీ ఒప్పుకోనంది. 2019 నవంబరులో హార్వర్డ్, యేల్ ఫుట్‌బాల్ మ్యాచ్ మధ్యలో రెండు యూనివర్సిటీల విద్యార్థులూ మైదానంలోకి దిగి కూర్చున్నారు, ఆట ఆగింది. చివరికి 2021 సెప్టెంబరులో హార్వర్డ్ ఇకపై శిలాజ ఇంధనాల్లో డబ్బు పెట్టబోమని ప్రకటించింది. ఈలోగా 2020లోనే ఆక్స్‌ఫర్డ్, కేంబ్రిడ్జ్ తమ నిర్ణయాలు చెప్పేశాయి.

ఈ తేదీలు చూసినప్పుడల్లా నాకు మనసు కదులుతుంది. 2012లో మొదటి ఏడాది విద్యార్థిగా ఓటు వేసిన పిల్ల 2016లో పట్టా తీసుకుని వెళ్ళిపోయి ఉంటుంది. గెలుపు వచ్చింది ఆమె వెళ్ళిన ఐదేళ్ళకు. మధ్యలో బ్యాచ్ తర్వాత బ్యాచ్ ఆ పనిని భుజం మార్చుకుంటూ మోసింది. అది చిన్న విషయం కాదు. నలభై బిలియన్ డాలర్లు దాటిన నిధి ఉన్న సంస్థ నోట ఆ మాట అనిపించడం మిగతా ప్రపంచానికీ వినిపిస్తుంది.

కానీ దీని పరిమితి కూడా చెప్పుకోవాలి. షేర్లు అమ్మేస్తే వాటిని ఇంకెవరో కొంటారు. భవనాలను వేడి చేసే క్యాంపస్ బాయిలర్ మాత్రం అంతే గ్యాస్ కాలుస్తూ ఉంటుంది. ఇక చాలా యూనివర్సిటీలకు చెప్పుకోదగ్గ ఎండోమెంటే లేదు. అక్కడ ఈ పోరాటం మొదలుపెడితే అడగడానికి ఏమీ ఉండదు. తొమ్మిదేళ్ళు పట్టినా పర్వాలేదనే ఓపిక, ప్రతి ఏడాదీ కొత్తవాళ్ళను చేర్చుకునే శక్తి ఉన్నచోటే దీన్ని ఎత్తుకోవాలి.

ఇప్పుడు ఫండ్. దీనిలో రెండు రకాలు ఉన్నాయి, కలిపేసి మాట్లాడితే పొరపాటు. మొదటిది ఫీజుతో నడిచేది. కాలిఫోర్నియా యూనివర్సిటీ బర్కిలీ క్యాంపస్‌లో 2007లో విద్యార్థులే ఓటు వేసి, సెమిస్టర్‌కు 5 డాలర్ల ఫీజు తమ మీద తామే వేసుకున్నారు. ఆ డబ్బు ఏ ప్రాజెక్టుకు ఇవ్వాలో తేల్చే కమిటీలో విద్యార్థులదే మెజారిటీ. రెండోది రివాల్వింగ్ ఫండ్. హార్వర్డ్‌లో ఇలాంటిది 12 మిలియన్ డాలర్ల దాకా పెరిగింది. ఒక విభాగం పాత లైట్లు తీసి కొత్తవి పెట్టుకోవడానికి ఫండ్ నుంచి అప్పు తీసుకుంటుంది. కరెంటు బిల్లులో మిగిలిన డబ్బుతో, మామూలుగా ఐదేళ్ళలోపు, ఆ అప్పు తీరుస్తుంది. తిరిగొచ్చిన డబ్బు ఇంకో భవనానికి వెళ్తుంది. అప్పు తీరాక కూడా ఆ విభాగానికి బిల్లు తక్కువే వస్తుంది.

ఫీజు మీద ఒక న్యాయమైన అభ్యంతరం ఉంది. యూనివర్సిటీ పెట్టాల్సిన ఖర్చును ఇప్పటికే అప్పులు చేసి చదువుతున్న విద్యార్థి మీద ఎందుకు వేయాలి? నేను ఈ మాటను తేలిగ్గా తీసేయను. ఫీజు వేస్తే చిన్నదిగా, విద్యార్థుల ఓటుతోనే, కట్టలేనివాళ్ళకు మినహాయింపుతో ఉండాలి. ఆ డబ్బును ఏటా ఖర్చు చేసేయకుండా రివాల్వింగ్ ఫండ్‌కు పెట్టుబడిగా వాడితే ఇంకా మేలు. మరో అడ్డంకి లెక్కల విభాగంలో ఉంటుంది. క్యాంపస్ మొత్తానికి ఒకే కరెంటు బిల్లు వస్తే ఏ భవనం ఎంత పొదుపు చేసిందో ఎవరూ చూపించలేరు, అప్పు తీర్చే దారి ఉండదు. భవనానికో మీటరు లేనిదే ఈ ఫండ్ నడవదు.

నాలుగోది, క్లాసులో ప్రాజెక్టు. క్యాంపస్‌నే ప్రయోగశాలగా చూడటం. 1997లో కెనడా యూనివర్సిటీల్లో మొట్టమొదట సుస్థిరాభివృద్ధి విధానం తెచ్చుకున్న బ్రిటిష్ కొలంబియా యూనివర్సిటీలో సీడ్స్ అనే కార్యక్రమం ఉంది. విద్యార్థి, అధ్యాపకుడు, క్యాంపస్ నడిపే సిబ్బంది ముగ్గురూ కలిసి ఒక అసలు సమస్య తీసుకుంటారు, విద్యార్థికి దానికి క్రెడిట్లు వస్తాయి. చదువు వేరు, క్లబ్ పని వేరు అన్న టెన్షన్ ఉండదు. బ్యాచ్ వెళ్ళినా కోర్సు ఉంటుంది, అధ్యాపకుడు ఉంటాడు. ఆ మూడో మనిషి చాలా ముఖ్యం. ఏ పంపు రాత్రంతా ఊరికే తిరుగుతుందో, ఏ గదికి చల్లదనం చేరదో బిల్డింగ్ ఎలక్ట్రీషియన్‌కు తెలిసినంతగా ఏ ప్రొఫెసర్‌కూ తెలియదు. ఆయన లేకుండా రాసిన రిపోర్టుకు మార్కులు వస్తాయి, తర్వాత అది బీరువాలోకి వెళ్తుంది.

నాలుగింటిలో ఒకటే ఎంచుకోమంటే నా ఓటు రివాల్వింగ్ ఫండ్‌కు. మొదలుపెట్టినవాళ్ళు వెళ్ళిపోయాక కూడా నడుస్తుందా అన్న నా ప్రశ్నకు దానంత బలంగా జవాబు చెప్పేది మరొకటి లేదు. కానీ చేతిలో లెక్కలు లేకుండా ఫండ్ అడిగితే ఏ ఫైనాన్స్ ఆఫీసరూ సంతకం పెట్టడు. అందుకని మొదటి ఏడాది క్లాసు ప్రాజెక్టుతో ఒక్క భవనం లెక్క తీయండి, రెండో ఏడాది ఆ కాగితాలతో ఫండ్ అడగండి. పెద్ద ఎండోమెంట్ ఉన్నచోట డైవెస్ట్‌మెంట్‌కు వేరే బృందం ఉండాలి. రెండు పనులకూ అవే పదిమంది తిరిగితే రెండూ చెడతాయి. ఎందుకంటే ఒకదానిలో యాజమాన్యంతో గొడవపడాలి, రెండోదానిలో అదే యాజమాన్యంతో కలిసి కూర్చోవాలి.

ఫండ్ నియమాలు రాసేటప్పుడు, అప్పు తీరేదాకా బిల్లులో మిగిలిన డబ్బు తిరిగి ఫండ్‌లోకే రావాలని, ఏటా లెక్కలు అందరికీ కనబడేలా పెట్టాలని స్పష్టంగా రాయించండి. కమిటీలో ఒక సీటు మొదటి ఏడాది విద్యార్థికే ఉండాలని కూడా రాయించండి. మీరంతా వెళ్ళిపోయిన రోజున ఆ లెక్కలు చదవడం వచ్చినవాళ్ళు ఒకరైనా ఆ బల్ల దగ్గర ఉంటారు.