బీచర్ల ఇంట్లో ఎవరి దారి మేలు: హెన్రీ వేలమా, హేరియట్ నవలా?

19వ శతాబ్దపు అమెరికా మతబోధకుడు లైమన్ బీచర్ పిల్లల్లో బానిసత్వాన్ని గట్టిగా దెబ్బకొట్టింది ఎవరని చాలామంది అడుగుతుంటారు. పోటీ ముఖ్యంగా ఇద్దరి మధ్యే: బ్రూక్లిన్ పాస్టర్ హెన్రీ వార్డ్, 'అంకుల్ టామ్స్ క్యాబిన్' నవల రాసిన హేరియట్. ఈ ప్రశ్నను తేల్చాలంటే ముందు డబ్బు ఎటు పోయిందో చూడాలి.

1860 ఫిబ్రవరి 5న హెన్రీ తన ప్లిమత్ చర్చి వేదిక మీద తొమ్మిదేళ్ల బానిస బాలిక పింకీని వేలంపాటలా నిలబెట్టి, ఆమె విడుదల కోసం చందా పళ్ళేలు తిప్పించాడు. ఆమె వెల 900 డాలర్లు. ఎవరో పళ్ళెంలో ఉంగరం వేస్తే దాన్ని తీసి ఆ పిల్ల వేలికే తొడిగాడు. పింకీకి అది కొత్త జీవితం, దాన్ని ఎవరూ తక్కువ చేయలేరు. కానీ ఆ 900 చేరింది యజమానికి. చట్టం దృష్టిలో అది మామూలు అమ్మకం. ఆ సొమ్ముతో అతను ఇంకో మనిషిని కొనుక్కోవచ్చు. పైగా పింకీ చూడ్డానికి దాదాపు తెల్లపిల్లలా ఉండేది. నల్లటి మగమనిషిని నిలబెడితే పళ్ళేలు అంత త్వరగా నిండేవా అన్నది అడగాల్సిన ప్రశ్నే.

హేరియట్ గురిపెట్టింది వేరే చోట. పారిపోయిన బానిసలను పట్టి అప్పగించే 1850 చట్టం ప్రకారం పారిపోయి వచ్చినవాళ్లకు ఆశ్రయమిస్తే వెయ్యి డాలర్ల దాకా జరిమానా, ఆరు నెలల దాకా జైలు. పట్టుబడ్డ మనిషిని యజమానికి అప్పగిస్తే ఆ కేసు తేల్చే కమిషనర్‌కు 10 డాలర్లు, వదిలేస్తే 5. అంటే బానిసత్వం లేని ఉత్తరాది రాష్ట్రాల గృహస్థు సహకరించకపోతే ఆ చట్టం నడవదు. అందుకే నవల తొమ్మిదో అధ్యాయం ఒహాయో సెనేటర్ బర్డ్ ఇంట్లో నడుస్తుంది. అలాంటి చట్టానికే ఓటేసి ఇంటికొచ్చిన మనిషి ఆయన. ఆ రాత్రే బానిసత్వం నుంచి పారిపోయిన ఎలైజా బిడ్డతో వాళ్ల వంటింట్లోకి వస్తుంది. "మీకెప్పుడైనా బిడ్డ పోయిందా?" అని అడుగుతుంది. ఆ దంపతులు నెల క్రితమే ఒక బిడ్డను పాతిపెట్టి ఉన్నారు. పోయిన పిల్లాడి బట్టలున్న సొరుగు సంగతి భార్యకు గుర్తుచేసేది సెనేటరే. బండి కట్టించి ఎలైజాను దాటించేదీ ఆయనే. 1849లో కలరాతో ఏడాదిన్నర కొడుకును పోగొట్టుకున్న తల్లిగా హేరియట్ రాసిన పుట అది. ఇక్కడ యజమానికి ఒక్క సెంటు కూడా ముట్టదు, చట్టం మాత్రం ఇంటి గడప దగ్గరే ఆగిపోతుంది. 1852 మార్చిలో పుస్తకంగా వచ్చాక ఒక్క ఏడాదిలో అమెరికాలో 3 లక్షల ప్రతులు అమ్ముడయ్యాయి. అంటే ఈ సొరుగు అన్ని లక్షల ఇళ్లలో తెరుచుకుంది.

నవలలో లోపం లేకపోలేదు. చివర్లో ఎలైజా భర్త జార్జ్ హారిస్‌ను ఆఫ్రికాలోని లైబీరియాకు పంపించేయడం పెద్ద తప్పు. నల్లవాళ్లు ఈ దేశం విడిచి వెళ్లరని ఒకప్పుడు బానిసగా ఉండి, బానిసత్వంపై పోరాడిన నల్లజాతి నాయకుడు ఫ్రెడరిక్ డగ్లస్ 1853లో హేరియట్‌కే ఉత్తరం రాశాడు. అయినా నా మొగ్గు హేరియట్ వైపే.

వాళ్ల అక్క కేథరిన్‌ది మరో రకం. 1823లో హార్ట్‌ఫర్డ్‌లో ఆడపిల్లల బడి పెట్టింది. చెరోకీ ఆదివాసులను వాళ్ల నేల నుంచి వెళ్లగొట్టొద్దని 1829లో ఆడవాళ్ల చేత అర్జీలు పెట్టించింది. అదే మనిషి 1837లో, బానిసత్వం మీద ఆడవాళ్లు బహిరంగంగా పోరాడటం తగదని బానిసత్వ వ్యతిరేక ఉద్యమకారిణి ఏంజెలీనా గ్రిమ్కేకు జవాబుగా పుస్తకం రాసింది. ఆడవాళ్ల ఓటు హక్కునూ ఒప్పుకోలేదు. చదువు విషయంలో ఆమెకు సాటి లేదు గానీ, ఈ పోటీలో ఆమెను నిలబెట్టడం కష్టం.

మరో చెల్లెలు ఇసబెల్లాది బానిసత్వం తర్వాతి పోరాటం. పెళ్లైన స్త్రీల ఆస్తి హక్కుకు కనెక్టికట్‌లో 1877 చట్టం వచ్చేదాకా ఏళ్ల తరబడి పట్టువదలలేదు. వీళ్ల సోదరుడు ఎడ్వర్డ్ పేరు, బానిసత్వ వ్యతిరేక పత్రికా సంపాదకుడు ఎలైజా లవ్‌జాయ్ స్నేహితుడిగానే ఎక్కువగా వినిపిస్తుంది.

నవల కొత్తగా చదివేవాళ్లు తొమ్మిదో అధ్యాయం చదివి, వెంటనే 43వ అధ్యాయంలో జార్జ్ ఉత్తరం చదవండి. హేరియట్ బలం, ఆమె తడబాటు పక్కపక్కనే కనిపిస్తాయి.