మా పండు తినే మేక మాంసం: కుమార్‌పల్లి చింతచెట్టు కింది కొట్టు

ఈ కొట్టుకు బోర్డు లేదు. హనుమకొండలో కుమార్‌పల్లి మార్కెట్ దాటి రెండు సందులు లోపలికి వెళితే ఒక చింతచెట్టు, దాని నీడలో రేకుల పంచ, పంచలో ఒక మొద్దు, ఒక కాటా కనిపిస్తాయి. పేటలో అందరూ చింతచెట్టు మటన్ కొట్టు అంటారు. నేను రెండేళ్లకు పైగా వారం వారం ఇక్కడ మేక మాంసం కొంటున్నాను. అందులో ఒక్క ముక్క కూడా మా ఇంట్లో మనుషులు తినరు. అంతా మా పిల్లి పండుకే.

పండుకు పదకొండేళ్లు. నారింజ రంగు ఒళ్లు, తోక చివర మాత్రం తెలుపు. అమ్మ పెట్టే పెరుగన్నం, ఆదివారం కోడి ముక్కలు, చేపల బజారు నుంచి తెచ్చిన రవ్వ తలకాయలు తిని పెరిగాడు. 2022 వేసవిలో వాంతులు, విరేచనాలు మొదలయ్యాయి. అయిదు కిలోల పిల్లి మూడున్నరకు దిగింది. స్కానింగులో పేగు గోడ మందంగా ఉందన్నారు. హైదరాబాదు తీసుకువెళ్లి ముక్క పరీక్ష చేయిస్తే అది పేగుల దీర్ఘకాలిక వాపు అని తేలింది. ప్రెడ్నిసొలోన్ అనే స్టెరాయిడ్ మాత్రలతో వాంతులు తగ్గాయి, కాస్త కండ పట్టింది. కొన్ని నెలలు గడిచాయో లేదో, నీళ్ల గిన్నె పెట్టింది పెట్టినట్టే ఖాళీ అవుతోంది. మునివేళ్ల మీద నడిచే పిల్లి వెనక కాళ్లు మడమల దాకా నేలకు ఆనించి నడవసాగింది. షుగర్ చూస్తే 410. ఆ మాత్ర ఇన్సులిన్ పనికి అడ్డు పడుతుందని డాక్టరు గారు ముందే హెచ్చరించారు. ఒక జబ్బుకు వేసిన మందు రెండో జబ్బును బయటకు లాగింది.

ఇన్సులిన్ సూది వేయడం నేర్చుకున్నాను. కష్టమంతా తిండి దగ్గరే వచ్చింది. పేగు జబ్బు కోసం అమ్మే ప్రత్యేకమైన పొడి మేతలో మాంసకృత్తులను చిన్న చిన్న తునకలుగా విడగొడతారు, ఒంటికి అవి శత్రువులుగా కనిపించకుండా. కానీ గుళికలు గుళికలుగా నిలబడాలంటే పిండి పదార్థం కలపక తప్పదు. అది పెట్టిన మూడు వారాలూ మలం గట్టిగానే వచ్చింది, షుగర్ మాత్రం 350 కిందికి దిగలేదు. షుగర్ పిల్లుల కోసం అమ్మే డబ్బా తిండిలో పిండి తక్కువ. మాకు దొరికిన డబ్బాలో ఉన్నది కోడి. రెండో రోజుకే మలంలో రక్తపు చార కనిపించింది. నేను ముప్పై ఏళ్లు పిల్లలకు జీవశాస్త్రం చెప్పాను. పిల్లి లాలాజలంలో పిండిని కరిగించే అమైలేజ్ ఉండదని చదివాను. అయినా మా ఇంటి పిల్లికి పెరుగన్నం పెడుతున్నప్పుడు ఒక్కసారి కూడా అది గుర్తుకు రాలేదు.

డాక్టరు గారు ఒకటే అడిగారు: "వీడు పుట్టాక ఇంతవరకు రుచి చూడని మాంసం ఏది?" నాన్నగారికి గుండె జబ్బు వచ్చిన ఏడు మటన్ మానేశాం, అది పండు పుట్టకముందు సంగతి. కౌజు పిట్టలు తెద్దామా అంటే, అవి కోడికి దగ్గరి చుట్టాలు, వద్దన్నారు. ఎద్దు మాంసం పిల్లులకు ఎక్కువగా పడని వాటిలో ఒకటట. అలా మేక దగ్గర ఆగాం. మేక అంటే మేకే ఉండాలి, ఒక వారం మేక, ఒక వారం గొర్రె అయితే ఏది పడింది, ఏది పడలేదు తెలియదని గట్టిగా చెప్పారు.

మన దగ్గర మటన్ అంటే మేకా మటనే, గొర్రే మటనే, పొట్టేలూ మటనే. అయిదు కొట్లు తిరిగాను. రెండు చోట్ల కోడిని కొట్టిన మొద్దు మీదే మటన్ కొడుతున్నారు. ఒక చోట "అంతా ఒకటేనమ్మా, కూర రుచి చూడండి" అన్నారు. చింతచెట్టు దగ్గరికి వచ్చేసరికి ఎండెక్కింది, నాకు ఓపిక అయిపోయింది. మేక మాంసమేనా అని అడిగాను. కొట్టు భాయ్ కత్తి ఆపి, "ఈ రోజు పొట్టేలే ఉంది టీచరమ్మా. మేకను గురువారం కోస్తాను, అప్పుడు రండి" అన్నారు. ఎదురుగా డబ్బు పట్టుకుని నిలబడ్డ మనిషిని వెనక్కి పంపారు. ఈ కొట్టు గురించి నేను రాస్తున్నది ఆ ఒక్క మాట వల్లే.

గురువారం వెళ్లగానే వేలాడుతున్న మేకకు వదిలేసి ఉంచిన తోక చూపించారు. పొట్టిగా, పైకి లేచి ఉంది. గొర్రె తోక కిందికి వేలాడుతుందని, కొనేవాళ్లకు తేడా తెలియడానికే వెంట్రుకలతో సహా ఉంచుతానని చెప్పారు. నేను సంగతంతా వివరించాను. షుగర్ అనగానే ఆయన తల ఊపారు. వాళ్ల అమ్మగారు కూడా ఇన్సులిన్ మీదే ఉన్నారట.

ఆయన మాంసం కొట్టే తీరు చూడాలి. ముందు వేడినీళ్లు పోసి మొద్దును గీకుతారు. చింతమొద్దు అది, నడుమ గిన్నెలా అరిగి ఉంటుంది. తొడ నుంచి ఎముకను వేరుచేసి, కండను అరచేతి మీద పరుచుకుని, సన్న కత్తి మొనతో కొవ్వును తీస్తారు. ఆ తర్వాత కండ మీద మెరిసే తెల్లని పొర ఉంటుంది. ఆ పొర కింద మొన దూర్చి, వేలితో పట్టి, చిక్కుడుకాయ ఈనె తీసినట్టు ఒక్క లాగుడులో తీసేస్తారు. ఇక రెండు కత్తులు తీసుకుని, ఒకటి లేస్తుంటే ఒకటి దిగుతుండగా, టకటకా ఖీమా కొడతారు. మర వాడరు. ఎందుకో తర్వాత చెబుతాను.

నేను తెచ్చుకునేది వారానికి కిలోకు పైన: ఎక్కువ భాగం తొడ కండ, ఒక గుండెకాయ, యాభై గ్రాముల కార్జం. గుండెకాయలో టారిన్ అనే పోషకం ఎక్కువ. పిల్లి ఒళ్లు దాన్ని సరిపడా తయారుచేసుకోలేదు. అది చాలకపోతే చూపు పోతుంది, గుండె కండరం సాగిపోతుంది. గుండె సంగతి అమెరికాలో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం డేవిస్ ప్రాంగణంలో పనిచేసే పరిశోధకులు 1987లో బయటపెట్టారు. కార్జం విటమిన్ ఎ కోసం, కానీ అది ఎక్కువైతే విషమే, అందుకే యాభై గ్రాములు దాటనివ్వను. ఒట్టి మాంసంలో భాస్వరం ఎక్కువ, కాల్షియం తక్కువ. అందువల్ల డాక్టరు గారు మా పండు బరువుకు లెక్కకట్టి రాసిన పొడి రోజూ కలుపుతాను. టారిన్ అందులోనూ ఉంది. ఆ లెక్క ఇక్కడ రాయడం లేదు. మీ పిల్లి బరువు వేరు, మూత్రపిండాలు వేరు.

రోజుకు 170 గ్రాముల చొప్పున డబ్బాల్లో వేసి ఫ్రీజరులో పెడతాను. ఒక డబ్బా తీసి సన్నని మంట మీద ఆవిరికి మగ్గనిస్తాను. దిగిన ఊటను పారబోయను, టారిన్ నీళ్లలోకి దిగిపోతుంది కదా, ఊట కూడా వాడిదే. చల్లారాక పొడి. ఉప్పు, పసుపు ఏమీ లేవు. ఉల్లి, వెల్లుల్లి అసలే వద్దు, అవి పిల్లి రక్తకణాలను చితికిస్తాయి. మొదటి రోజు పండు గిన్నె చుట్టూ మూడు సార్లు తిరిగి, నా ముఖం చూసి, చివరికి తిన్నాడు. ఊట కూడా నాకేశాడు.

ఇలా మార్చబోయేవాళ్లకు ఒక మాట. పిండి తగ్గితే ఇన్సులిన్ అవసరం కూడా తగ్గుతుంది, అదీ రోజుల్లోనే. పండుకు అప్పుడు పన్నెండు గంటలకొకసారి రెండు యూనిట్లు. తిండి మార్చిన రోజే ఒక యూనిట్‌కు దించమన్నారు, దించాను. అయినా మూడో రాత్రి పదకొండు గంటలకు వాడు నిలబడ్డ చోటే ఊగుతున్నాడు. చెవి అంచున సూది గుచ్చి చూస్తే 64. మనుషుల మీటరు పిల్లి రక్తానికి అసలు కంటే కాస్త తక్కువ చూపుతుందని తెలుసు. తెలిసినా చేతులు వణికాయి. తేనె వేలికి రాసుకుని చిగుళ్లకు పూశాను, డాక్టరు గారికి ఫోన్ చేశాను. ఇరవై నిమిషాలకు 92. ఆ రాత్రంతా వంటింటి గట్టు పక్కన వాణ్ణి ఒడిలో పెట్టుకుని కూర్చున్నాను. మర్నాటి నుంచి అర యూనిట్, ఇప్పటికీ అంతే. మీటరు, డాక్టరు గారి ఫోను నంబరు చేతిలో లేకుండా ఈ పని మొదలుపెట్టకండి. వాంతి చేసుకున్న పూట, తినని పూట మామూలు మోతాదు వేసేయకండి, ముందు డాక్టరును అడగండి.

పది రోజులకు మలం గట్టిపడింది. పేగు జబ్బులో బి12 ఒంటికి పట్టదు కనుక ఆరు వారాలు వారానికొక సూది వేయించాం. నాలుగు నెలల్లో స్టెరాయిడ్‌ను మెల్లగా తగ్గించి ఆపేశారు. ఇప్పుడు బరువు 4.3 కిలోలు. వెనక కాళ్లు మళ్లీ మునివేళ్ల మీద నిలబడుతున్నాయి.

కొట్టుతో ఒకసారి ఇబ్బంది పడ్డాను. కిందటి ఏడాది వానాకాలం, ఆదివారం రద్దీలో భాయ్ లేరు. పనికుర్రాడు మాంసం పట్టుకెళ్లి పక్క కొట్టులో మరకు వేయించి తెచ్చాడు. ఆ మరలో కోడి ఖీమా కూడా ఆడుతుంది. నేను చూసుకోలేదు. రెండో రోజుకు మళ్లీ నీళ్ల విరేచనాలు, మళ్లీ ఆ ఎర్ర చార. కోపంతో వెళ్లాను. భాయ్ పూర్తిగా విని, కుర్రాణ్ణి పిలిచి, నా ముందే సంగతి అడిగి తెలుసుకుని, "తప్పు మాదే టీచరమ్మా" అన్నారు. ఆ వారం డబ్బు తీసుకోనన్నారు. నేను పట్టుబట్టి ఇచ్చాను. అప్పటి నుంచి మా పండు మాంసం ఆయన చేతి కత్తుల మీదే తయారవుతుంది. ఆయన లేని రోజు నేను ముక్కలుగా తెచ్చుకుని ఇంట్లోనే తరుక్కుంటాను.

ఖర్చు తక్కువేమీ కాదు. నేను కొంటున్న ధర కిలో 900, నెలకు 5 కిలోలు దాటుతుంది. కొవ్వూ పొరా తీసేశాకే కాటా మీద పెడతారు కాబట్టి ఆ ధర నాకు బరువనిపించలేదు. 2024 ఫిబ్రవరిలో మేడారం జాతర వారం మేకలన్నీ అమ్మవార్ల దగ్గరికే వెళ్లాయి, ఊళ్లో తెల్లవారి ఏడింటికే తొడలు అయిపోయాయి. భాయ్ ఒక తొడ పక్కన పెట్టి, కొవ్వు తీసి, మూత పెట్టి ఉంచారు. పది రూపాయలు కూడా ఎక్కువ అడగలేదు.

మేకను కోసేది గురువారం, ఆదివారం. ఆదివారం వద్దు, గురువారం ఏడు లోపు వెళ్లండి. గాంధీ జయంతి నాడు ఊరంతా మాంసం కొట్లు మూసి ఉంటాయి కనుక ముందు వారమే రెండు కిలోలు తెచ్చుకోండి. ఇంటికి తెచ్చి ఇవ్వరు. మూత ఉన్న స్టీలు డబ్బా మీరే పట్టుకెళ్లాలి. పిల్లి కోసమని చెప్పండి, వేడినీళ్లతో మొద్దు కడిగాకే కత్తి పడతారు.